చీమ కుట్టిన చోట

త్రినాథ్ మెడ వెనక కుట్టినది మామూలు చీమ కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వేడికి కాగి, లారీ ఎక్కి ఊళ్లో దిగిన గండుచీమ. అది ఎదురొస్తే కుక్కలు పక్కకు తప్పుకునేవట. నమ్మకపోతే మీ ఇష్టం.

మధ్యాహ్నం నులక మంచం మీద కునుకు తీస్తుంటే కుట్టింది. పొద్దు వాలేసరికి రేగుపండంత దద్దురు లేచింది. నాయనమ్మ పిచ్చమ్మ ఉల్లిపాయ రుద్దింది, కొబ్బరినూనె రాసింది, తడిగుడ్డ వేసింది. దురద మాత్రం దిగలేదు.

"గోకకురా!"

"గోకట్లేదు నాయనమ్మా, తడుముతున్నా."

"తడమడానికి గోళ్ళెందుకురా?"

ఆ దురద గుణమే అంత. గోకితే పెరుగుతుంది, గోకకపోతే ప్రాణం తోడేస్తుంది. పక్కింటి నాగజ్యోతి విషయంలోనూ త్రినాథ్ అవస్థ అచ్చం ఇదే. సెల్‌ఫోన్లు ఇంకా మిర్చియార్డు వ్యాపారుల జేబుల్లోనే ఉన్న రోజులవి. అతనికి గుంటూరులో పురుగుమందుల కొట్లో పని. శనివారం బస్సు దిగడం, గోడవతల ఆమె జడ కొస కనిపిస్తుందేమోనని చూడడం, నోరు మెదపకుండా సోమవారం బస్సెక్కడం. ఒక్కోసారి కొట్లో చినుకుల చప్పుడు వింటూ, ఇప్పుడు జ్యోతి ఆరేసిన బట్టలు తీస్తూ ఉంటుంది కదా అనుకుని, ఒక మందు అడిగితే ఇంకో మందు చేతిలో పెట్టి ఓనరుతో తిట్లు తినేవాడు.

తెల్లారితే ఆదివారం. జ్యోతిని చూసుకోవడానికి నల్లపాడు నుంచి పెళ్లివారు వస్తున్నారు.

"ఏమే జ్యోతీ! నా కళ్ళు ఆనడం లేదు. వీడి మెడలో చీమ తలకాయేమన్నా ఇరుక్కుందేమో చూడవే!" అని నాయనమ్మ గోడ మీంచి కేకేసి, పొయ్యి మీది ఎసరు చూడ్డానికి లోపలికి పోయింది.

మిరపకాయల తొడిమలు తీస్తున్న జ్యోతి కొంగు దులుపుకుంటూ వచ్చింది.

"వంచు తల. అబ్బో, పట్నం గాలికి మెడ బాగా బిగిసిందే!"

"చీమ కుట్టింది."

"కనపడుతోందిలే. నాకు కళ్ళున్నాయి. కొందరికి ఉండీ లాభం లేదు."

ఆమె వేళ్ళు మెడకు తగిలాయి. త్రినాథ్‌కు కళ్ళు మూతలు పడ్డాయి. ఇలాగే ఉండిపోతే చాలనుకున్నాడు. అనుకున్నాడో లేదో...

"అమ్మో! చచ్చాన్రో!"

ఆ కేకకు కొత్తపట్నంలో జాలర్లు తుఫాను హెచ్చరిక అనుకుని పడవలు ఒడ్డుకు లాగేశారట.

"కారం చేతులు!" అన్నాడు త్రినాథ్, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే.

మిరపకాయలు ముట్టుకున్న చేతికి నూనె రాసి, మజ్జిగతో కడిగితే గానీ కారం వదలదు. జ్యోతి అలా కడుక్కోకుండా మంచినీళ్ళ చెంబు కూడా ముట్టదు. ఆ సంగతి త్రినాథ్‌కు తెలుసు.

"కడుక్కోవడం మర్చిపోయావా?"

"లేదు. కావాలనే రాశా. గోడవతల నుంచి చూస్తావు, వెళ్ళిపోతావు. మొన్న నాన్న నీకిష్టమేనా అనడిగాడు. ఏం చెప్పను? పక్కింట్లో ఒకడున్నాడు, వాడికి నోరు లేదని చెప్పనా? మంటంటే ఏంటో నీకూ తెలియాలనిపించింది."

త్రినాథ్ మెడ పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ నీకు ఇలాగే ఉందా?"

"ఇంతకంటే ఎక్కువ."

"పర్మనెంటు ఉద్యోగం వచ్చాక అడుగుదామని..."

"ఆ, అప్పటికి నా పిల్లల్ని ఎత్తుకుని ఆడిద్దువుగాని!" అని కళ్ళు తుడుచుకోబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. "ఉండు, మజ్జిగ తెస్తా."

"వద్దు. చల్లబడితే ధైర్యం కూడా చల్లారిపోతుంది." చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

జ్యోతి తండ్రి బుల్లయ్య కల్లంలో ఎండుమిరపకాయల మీద పట్టా కప్పుతున్నాడు.

"మామయ్యా! రేపు వాళ్ళని రావద్దని చెప్పండి. జ్యోతిని నేను చేసుకుంటా. తనకీ ఇష్టమే."

బుల్లయ్య ఎగాదిగా చూశాడు. "అది చెప్పడానికి ఏడుపెందుకురా? ఆ మెడకేమైంది?"

"జ్యోతి చెయ్యి తగిలింది మామయ్యా."

బుల్లయ్య దగ్గరికొచ్చి, ఆ ఎర్రటి మెడను వాసన చూశాడు. కూతురి సంగతి తెలిసినవాడు. మీసం కింద నవ్వు దాగలేదు.

"పెళ్లికి ముందే ఇట్లా ఉంటే, తర్వాత నీ గతేంట్రా?" అని పట్టా రెండో కొస అతని చేతికిచ్చాడు. "నల్లపాడుకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తాలే. మంచు పడేలోపు ఇది కప్పాలి. గట్టిగా లాగు, అల్లుడూ."