పెద్దాడి తెల్ల చొక్కాలు

శనివారం పొద్దున ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని తెల్ల చొక్కా కాలరు లోపల నాడా ముక్క కుట్టింది. శిక్షణ కేంద్రంలో అందరి బట్టలూ ఒకేచోట ఉతుకుతారు. అందుకని ప్రతి బట్టకీ ఇంటి గుర్తు ఉండాలన్నారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా అదే.

ఈ చొక్కాలు ఆమె నిరుడు పెద్దాడి కోసం కుట్టింది. దైవసేవకు తయారుచేసే ఆ శిక్షణలో వాడికి సీటొచ్చింది. బయల్దేరాల్సిన వారంలో జ్వరం పట్టుకుంది. ఆసుపత్రి మెట్లు వాడు తన కాళ్లతోనే ఎక్కాడు. దిగలేదు. ఇప్పుడు అదే సీటు వాడి చెల్లెలికి ఇస్తామన్నారు.

ఆమె కత్తెర చేతిలోకి తీసుకుంది. చొక్కా భుజం కుట్టు దగ్గర పెట్టి చూసింది. కత్తెర పక్కన పెట్టేసి ఇంకో నాడా ముక్క తీసింది.

వంటగదిలో అత్తగారు రొట్టె టీలో ముంచుకుని తింటోంది. చిన్నది ఎదురుగా కూర్చుని ఆవిడ దవడనే చూస్తోంది. అది పనిచేసే ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేస్తారు. నానమ్మ నోట్లో ఉన్నవి అది మొదటిసారి సొంతంగా చేసిన పళ్లు.

"ఎలా ఉన్నాయి నానమ్మా?"

"ఎడమవైపువి బుద్ధిగా ఉన్నాయి, మీ అమ్మలాగా. కుడివైపువి కరుస్తున్నాయి, మీ నాన్నలాగా."

"సాయంత్రం ఇచ్చెయ్, కాస్త అరగదీసి తెస్తా."

"మీ నాన్ననా?"

"ఆయన్ని అరగదీసే మిషను మా దగ్గర లేదులే."

ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మిషను దగ్గర ఆమెకూ నవ్వు రాబోయింది. అంతలో భర్త గదిలోంచి వచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

అతను లిఫ్టు మెకానిక్కు. చర్చి సంఘంలో పెద్ద. పనిబట్టలు వేసుకుని, జేబులో టెస్టరు పెట్టుకుని వచ్చి, టేబులు మీద రెండు కరపత్రాలు పరిచాడు.

"చూడు చిట్టీ. కొండ దగ్గరున్నది అన్నయ్యకి సీటొచ్చినచోటు. ఏడాది. స్టేషను పక్కది రెండేళ్లు. అక్కడా తీసుకుంటారట. ఏది కావాలో నువ్వే చెప్పు. నా బలవంతం లేదు."

చిన్నది కరపత్రాల వైపు చూడలేదు. "బాగుంది. తల ఏ గోడకేసి కొట్టుకుంటావో నువ్వే ఎంచుకో, నా బలవంతం లేదు."

గొడవ మొదలైంది పోయిన ఆదివారం. వాళ్ల సంఘంలో పాటకూ ప్రసంగానికీ మధ్య సాక్ష్యం వేళ ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలనుకున్నవాళ్లు లేచి నిలబడి చెబుతారు. కొడుకును మట్టిలో పెట్టాక అతను ఒక్కసారీ లేవలేదు. ఆ రోజు లేచాడు. "ఆసుపత్రిలో నా కొడుకు మంచం పక్కన ఒక మాటిచ్చాను. వీడిని లేపితే నా ఇద్దరు పిల్లల్నీ నీ సేవకిస్తానన్నాను. వాడు లేవలేదు. అయినా నా మాట నేను తప్పను. నా కూతుర్ని పంపుతున్నాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కళ్లు తుడుచుకుని ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వరుసలో చిన్నది ఒళ్లో పాటల పుస్తకం మూసింది. ఆ సంగతి దానికి అప్పుడే తెలిసింది. పక్కనే కూర్చున్న తల్లికీ అప్పుడే తెలిసింది. అందరి ఎదుటా అన్న మాట. ఆమె వారమంతా నోరెత్తలేదు. చొక్కాలు ముందేసుకుని కూర్చుంది.

"ఒరేయ్, ముందు దాన్ని ఎండాకాలం యూత్ క్యాంపుకి పంపి చూడరా" అంది అత్తగారు. "వారంలో వచ్చేస్తుంది. నాలుగు పాటలు పాడతారు, నాలుగు ఆటలాడతారు. మనసు తిరిగితే అప్పుడు మిగతాది చూడొచ్చు."

"క్యాంపు ఏం సరిపోతుందమ్మా? నేనిచ్చింది మాట."

"నువ్విచ్చిన మాటలో నేనెక్కడున్నాను నాన్నా?" అంది చిన్నది. "లిఫ్టులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు చిక్కుకుంటే, తలుపు తియ్యకముందే బయటినుంచి కేక వేసి చెప్తావు. 'వచ్చాను, భయపడొద్దు, ఇప్పుడు లిఫ్టు కాస్త కదులుతుంది' అని. నాకు ఆ పాటి కేక కూడా వెయ్యలేదు."

"నీ మంచికే కదే."

"నేనిప్పుడు ప్రార్థన చెయ్యట్లేదు. నీకు తెలుసు. పాటలప్పుడు పెదాలు ఆడిస్తున్నానంతే. లోపలేం లేదు. అక్కడికెళ్లి పదిమందికి ఏం చెప్పాలి?"

"వెళ్తే అదే వస్తుంది."

"రాకపోతే?"

అతను కరపత్రాల అంచులు సరిచేశాడు. "మాటిచ్చాను."

"నువ్వు అన్నయ్య బతికితే అని కదా మాటిచ్చావు? బతికాడా మరి?"

"నోర్ముయ్యి!" అంది తల్లి.

మిషను ఆగింది. అత్తగారు రొట్టె ముక్క గిన్నె పక్కన పెట్టేసింది. చిన్నది తల్లి వైపు తిరిగింది.

"వారం తర్వాత నోరు విప్పావమ్మా. అదీ నన్ను నోరు మూసుకోమనడానికి."

ఆమె తల వంచుకుని దారం కొస తెంపింది.

"చొక్కాలు సరిచేశావా?" అంది చిన్నది.

"ఆఁ."

"అన్నీ?"

"అన్నీ అయిపోయాయి. ఇంక ఈ ఒక్కదానికే నాడా."

చిన్నది మిషను పక్కన మడతపెట్టిన దొంతరలోంచి పైచొక్కా తీసింది. వేసుకున్న బట్టల మీదే తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. భుజం కుట్లు మోచేతుల వైపు జారాయి. చేతులు కిందికి దించితే వేళ్లు కనపడలేదు. కాలరులో ఇంకో మెడ పట్టేంత చోటుంది.

"ఈ వీధిలో నువ్వు కుట్టిన బట్ట ఎవరికైనా వేలెడు వదులైందా అమ్మా?"

"లేదు."

"మరి ఇదేంటి?"

ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. వారమంతా చొక్కాలు ఒక్కొక్కటే తీసింది, నాడా కుట్టింది, మడతపెట్టింది. అయిపోయాయని అడిగినవాళ్లకల్లా చెప్పింది. తనకు తనే చెప్పుకుంది.

"కత్తెర పెట్టలేకపోయానే" అంది. "వాడి కొలత ఇంకెక్కడుంది? వీటిని కత్తిరిస్తే అదీ పోతుంది."

భర్త కూతుర్ని చూశాడు. ఆ చొక్కాలో కూతురు నిలబడి ఉంది, కొడుకు లేడు. ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అతని ఫోను మోగింది. ఏదో ఆఫీసులో రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందట, లోపల మనుషులున్నారట. "వస్తున్నా" అని పెట్టేశాడు. కానీ లేవలేదు.

"లోపల చిక్కుకున్నవాళ్లు తలుపు కొడుతుంటారు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "గాలికేం ఇబ్బంది ఉండదు. బయట ఎవరైనా ఉన్నారో లేదో తెలియకే సగం చచ్చిపోతారు. అందుకే ముందు కేక వేస్తాను. ఏడాదిగా నేనూ కొడుతున్నాను. మోకాళ్ల మీద కూర్చుని కొడుతున్నాను. అవతల్నించి ఒక్క కేక లేదు."

అతను జేబులోంచి టెస్టరు తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"మాట తప్పితే అవతల ఎవరూ లేరని నేనే ఒప్పుకున్నట్టు. అప్పుడు నా కొడుకెక్కడున్నట్టు? నువ్వు వెళ్లి నేర్చుకుని వస్తే నాకు చెప్తావనుకున్నా చిట్టీ. అవతల ఒకడున్నాడని."

భార్య అతన్ని చూసింది. ప్రతి పూటా భోజనానికి ముందు ప్రార్థన చేసేది అతనే. ఆమె కళ్లు మూసుకుని అతని మాటల మీద ఆనుకునేది. తనకు మాటలు రావట్లేదు గాని ఈయనకు వస్తున్నాయి, ఈ ఇంటికి అది చాల్లే అనుకునేది. తను ఆనుకున్న ఆ గోడ కూడా బోలేనని ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఏడుపు ఆపుకోవాలని చూసింది. చేతికందిన చొక్కానే మొహానికి అడ్డం పెట్టుకుంది.

చిన్నది తండ్రి దగ్గరికి వెళ్లింది. చొక్కా చేతులు వేలాడుతూనే ఉన్నాయి.

"నాకూ తెలీదు నాన్నా. ఏడాదో రెండేళ్లో చదివొచ్చి ఉన్నాడని నీకు అబద్ధం చెప్పలేను."

"ఊఁ."

"లే. వెళ్లు. వాళ్లు తలుపు కొడుతుంటారు."

అతను లేచాడు. పనిముట్ల సంచి అందుకుని వెళ్లిపోయాడు. అత్తగారు కరపత్రాలు రెండూ మడిచి టీగిన్నె కింద పెట్టింది.

మర్నాడు సంఘానికి నలుగురూ వెళ్లారు. పాట అయింది. సాక్ష్యం వేళ అతను లేచాడు. ప్రయాణం తేదీ చెబుతాడనుకుని ముందు వరుసవాళ్లు నవ్వుముఖాలతో వెనక్కి తిరిగారు.

"పోయిన వారం నేనొక మాటన్నాను. అది నాది కాదు, నా కూతురిది. తననడక్కుండా ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను. తను ఎక్కడికీ వెళ్లట్లేదు." ఆగాడు. "దేవుడు నాకు చేసిన మేలు చెప్పాలి. ఈ ఏడాది నాకేమీ కనపడలేదు. అంతే."

చప్పట్లు లేవు. పాస్టరుగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఎవరో దగ్గారు. సాక్ష్యం ముగిశాక ఎవరో ఒకరు ఆమెన్ అనాలి, అంటేనే చెప్పినవాళ్లు కూర్చుంటారు. ఆ హాల్లో అలవాటది. ఎవరూ అనలేదు. అతను ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వేళ్లు తెల్లబడటం భార్యకు ఆడవాళ్ల వరుసలోంచి కనపడింది. తనైనా అనాలనుకుంది. నోరు తెరవబోయింది.

"ఆమెన్" అంది పక్కన చిన్నది.

ఏడాదిగా అది ఆ మాట అనలేదు. ఇప్పుడూ ప్రార్థనలో అన్నట్టు అనలేదు. తలుపు అవతల ఉన్నవాళ్లకు వినపడేలా, గట్టిగా అంది.

అతను అటు తిరిగి కూతుర్ని చూశాడు. కుర్చీ మీంచి చెయ్యి తీసి కూర్చున్నాడు.