మూల పరిష్కారం

చెప్పుల కొట్టు అబ్బాయికి తన కుట్టు మీద ఉన్న అభిమానం అంతా ఇంతా కాదు. తను కుట్టిన జత కాలికి తొడిగినవాళ్లు రెండోది కొనకుండా కదలరని అతని ధీమా. ఆ ధీమాకి గండి కొట్టింది, తెలుగు మీడియంలో ఎకనామిక్స్ చెప్పే లెక్చరరమ్మ.

ఒక జత ముచ్చటపడి కొంది. రెండోది చూపిస్తే వద్దంది. బాగాలేదా అని అతను నిష్ఠూరంగా అడిగాడు.

"చాలా బాగుంది. కానీ మొదటి జత ఇచ్చినంత తృప్తి ఇది ఇవ్వదు. ఈ డబ్బు గొడుక్కి పెడితే నయం. దేని మీద పెట్టినా చివరి రూపాయికి ఒకేలాంటి తృప్తి రావాలండీ. అప్పుడే ఖర్చు కుదిరినట్టు."

అతనికి ఒళ్లు మండింది. అయినా బయట వాన దంచుతోందని తన గొడుగు ఇచ్చి పంపాడు.

అది తిరిగివ్వడానికి వచ్చిన మనిషి, తరవాత మడమ అరిగిందని ఒకసారి, బకిల్ వదులైందని ఒకసారి వస్తూనే ఉంది. జీతాన్ని పుస్తకాలకీ సినిమాలకీ ప్రయాణాలకీ ఎలా పంచుకుంటుందో ఆమె చెబుతుంటే, అతను సూది ఆపి మరీ వినేవాడు. ఆమెకి సంబంధాలు చూస్తున్నారని తెలిసిన రోజున ఇక లాభం లేదని తెగించి, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగేశాడు.

ఆమె తల వంచుకుని, "మీ విషయంలో నాది మూల పరిష్కారం" అని గబగబా వెళ్లిపోయింది.

అమ్ముడుపోని సరుకుని మూలన పడెయ్యడం అతనికి తెలుసు. తననూ అలాగే పడేసిందన్నమాట. మర్నాడు ఆమె వస్తే తలెత్తలేదు. రిపేర్లకి వేరే కొట్టు చూసుకోమన్నాడు.

ఆమె మొహం చిన్నబోయింది. "నేనేమన్నానని?"

"మూలన పడేశాక ఇంకా ఏమనాలండీ?"

విషయం అర్థమై ఆమె నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడింది. కొనడానికి రెండు వస్తువులుంటే మనిషి సాధారణంగా డబ్బుని రెంటికీ పంచుతాడని, ఆ పంపకాన్ని గ్రాఫులో గీస్తే గీత మధ్యన ఎక్కడో ఆగుతాడని వివరించింది.

"ఎప్పుడో గానీ, ఒక్కటే ఎంత నచ్చేస్తుందంటే, రెండోదాని మీద పైసా కూడా పెట్టబుద్ధి కాదు. అప్పుడు గీత చివరిదాకా, ఆ మూలకి వెళ్లిపోతాం. అదీ మూల పరిష్కారమంటే. ఇంకే సంబంధమూ చూడొద్దని నాన్నకి చెప్పేశాను."

అతను చేతిలోని సూది పక్కన పెట్టాడు. "చెప్పులు కుట్టేవాణ్నని చెప్పారా?"

"అదే ముందు చెప్పాను," అంది ఆమె తలెత్తి. "ఏదైనా కొంచెం చాలనే పిల్లవి, అలాంటి నువ్వే మొత్తం కావాలంటున్నావంటే ఆ అబ్బాయి గట్టివాడే అన్నారు నాన్న. రేపు ఇంటికి రమ్మన్నారు."

రేపటిదాకా ఎవరాగుతారు? కొట్టు పెట్టాక మొదటిసారి అతను పట్టపగలు షట్టర్ దించాడు. ఎక్కడికని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పెళ్లిమాటలకి వెళ్తున్నానని చెప్పుకుంటూ, ఛాతీ విరుచుకుని ఆమె పక్కన నడిచాడు.