ఎడమ పక్క బరువు

గోసోంగ్ సముద్రపొడ్డున పైన్ చెట్ల కింద బండి ఆపగానే దొక్‌పాల్ ముందుగా కారు టాపు మీది క్యారియర్ కిందికి తొంగిచూశాడు. ఇద్దరు పడుకునేలా దాని మీద బిగించిన టెంట్ బండరాయంత బరువు. దాన్ని మోస్తున్న మూడు అడ్డకడ్డీలూ తిన్నగానే ఉన్నాయి. మొదట్లో రెండే ఉండేవి. భార్య యోన్‌సిల్ చెప్పులు ఒకదానికొకటి కొట్టి ఇసుక దులిపి, నిచ్చెనెక్కి ఎడమ పక్క పడుకోగానే నడిమధ్య కిర్రుమనేది.

"మూడోది వేయించవయ్యా మహానుభావా! ఏదో ఓ రాత్రి ఇద్దరం డ్రైవరు సీట్లో తేలతాం," అనేది.

"కడ్డీ తప్పేం లేదు. నువ్వే కాస్త తగ్గాలి," అనేవాడు.

ఆవిడ నిజంగానే తగ్గింది. ఆస్పత్రి మంచం మీద దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలియనంతగా తగ్గి, పోయింది. ఆ తర్వాత దొక్‌పాల్ మూడో కడ్డీ వేయించాడు. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. అది లేకనే అతనికి నిద్ర పట్టడం లేదు.

ఇవాళ ఆవిడ సంవత్సరీకం. ఇంట్లో పెట్టాల్సిన తద్దినం, ఆవిడకి ఇష్టమైన చోటని ఇక్కడ పెడుతున్నాడు. వచ్చే ఆత్మకు అడ్డం తగలకుండా బట్టల తాడు విప్పేశాడు. టెంట్లో చిన్న బల్ల మీద ఎండుచేప, సారా పెట్టి, అన్నం గిన్నెలో చెంచా గుచ్చాడు. వాకిలి జిప్పు తీసి ఉంచాడు.

సాయానికొచ్చిన మరదలు కుమ్జా ఎడమ దిండు కింద ఏదో దోపుతూ అతని కంటబడింది. తీసి చూస్తే పీచ్ పండు. అది ఉన్నచోటికి ఆత్మలు రావు. అందుకే తద్దినం రోజున ఎవరూ దాన్ని ఇంట్లోకి తేరు.

"మతి పోయిందా నీకు? మీ అక్క ఎలా వస్తుంది?"

"ఇది ఇల్లు కాదు బావా, సముద్రపొడ్డు. నీళ్ళలో పోయి, ఇంత కూడు పెట్టే దిక్కులేనివాళ్ళు ఎంతమందో. తెరిచిన వాకిలి చూస్తే ఊరుకుంటారా? అక్క రాకపోతే ఏడుస్తావు. ఏడువు. మనిషివైనా మిగులుతావు."

"ఒక్కసారి మీ అక్క బరువు పక్కన తెలిస్తే చాలు నాకు," అంటూ పండును ఇసుకలోకి విసిరేశాడు. కుమ్జా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తన కార్లో కూర్చుంది.

పొద్దు గుంకింది. సముద్రం మీంచి మంచు పాకి వచ్చి చెట్లను కమ్మేసింది. అలల చప్పుడు ఎక్కడికో వెళ్ళిపోయింది. నాచు వాసన, పాత బావిలోంచి వచ్చేలాంటి చల్లదనం. దొక్‌పాల్ కుడి పక్కన పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

కిర్రు...

మధ్య కడ్డీ. ఎడమ పక్క పరుపు మెల్లగా దిగింది.

సంతోషంతో అతని గుండె ఆగినంత పనైంది.

"వచ్చావా?"

"చలి..." గుసగుస. "జిప్పు వెయ్యి."

తద్దినం ముగించి సాగనంపేదాకా వాకిలి మూయకూడదని పసిపిల్లలకైనా తెలుసు. కానీ ఏడాది తర్వాత వచ్చిన పెళ్ళాం చలి అంటే ఏ మొగుడు ఆలోచిస్తాడు? చీకట్లో తడుముకుని జిప్పు మూసేశాడు.

పరుపు ఇంకా దిగింది. ఇంకా... చివరి రోజుల్లో యోన్‌సిల్‌ని అతనే రెండు చేతులతో ఎత్తి పక్క మార్చేవాడు. ఆ బరువు అతనికి తెలుసు. ఇది అది కాదు. దిండు తడిసింది. ఉప్పు వాసన.

అప్పుడు కింద... టప్. టప్.

ఎవరో చెప్పులు కొట్టి ఇసుక దులుపుకుంటున్నారు.

నిచ్చెన మెట్టు కదిలింది. ఇంకొకటి. బయట గుడ్డ మీద వేళ్ళు జిప్పు కోసం వెతుకుతున్నాయి.

"ఇదిగో... వాకిలి మూసేశావేం?"

యోన్‌సిల్ గొంతు. కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది.

దొక్‌పాల్ చెయ్యి చాచబోయాడు. తడి చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది.

"ఎవరూ లేరు," అంది పక్కనున్నది. "పడుకో."

బయట వేళ్ళు ఆగిపోయాయి.

"ఓహో... నా చోట్లో ఎవరో ఉన్నారన్నమాట," అంది యోన్‌సిల్, మెల్లగా.

దొక్‌పాల్ అరిచాడు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మెట్లు దిగిన చప్పుడు వినబడింది. తర్వాత అదీ లేదు.

తెల్లారి కుమ్జా జిప్పు తీసేసరికి అతనొక్కడే ఉన్నాడు, మణికట్టు పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కుతూ. ఎడమ దిండు తడిముద్ద. ఇసుకలో నిచ్చెన దగ్గర మొదలైన ఆడమనిషి అడుగుజాడలు చెట్ల వైపు వెళ్ళిపోయాయి. వెనక్కి వచ్చిన జాడ లేదు.

"చూడకు బావా," అంటూ కుమ్జా అతన్ని పక్కకు తిప్పేసింది.

జాలర్లను పిలిచి, అందరూ కలిసి టెంట్ విప్పి ఇసుకలో దించారు. క్యారియర్ ఖాళీ అయింది. అటూ ఇటూ ఉన్న కడ్డీలు రెండూ తిన్నగా ఉన్నాయి. మధ్యది మాత్రం ఎడమవైపు కిందికి వంగే ఉంది. అందరూ చూస్తుండగానే, ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు, కిర్రుమంది.