గుట్టబాట మీద మోపు

కాస్త దగ్గరగా జరగండమ్మా, గొంతు పెంచి చెప్పే కథ కాదిది. ఆ గుమ్మం దగ్గర కూర్చున్నాయన కూడా ఇటు రండి.

ఆ రోజుల్లో మా తిరువూరు నుంచి రెడ్డిగూడెం తోటల వైపు పోవాలంటే బస్సు రోడ్డు చుట్టు తిరుగుడు. గుట్ట మీది బాట అడ్డదారి. సైకిళ్ళకీ, మేకలకీ, కట్టెల మోపులకీ అదొక్కటే. ఒక పక్క రాయి, ఒక పక్క పల్లం. అందుకే ఆ బాటకో మర్యాద ఉండేది. ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలి. మలుపులో బెల్లు కొట్టాలి. తల మీద మోపున్న మనిషి వెనక మాత్రం కొట్టకూడదు. ఉలిక్కిపడితే మోపు ఆ మనిషిని పల్లంలోకి లాగేస్తుంది. సైకిలు దిగి వెనకాలే నడవాలి. మోపు దించమని అడిగితే ఎంత తొందరున్నా చెయ్యి వెయ్యాలి. ఒంటరిగా ఎవరు దించుకోగలరు చెప్పండి?

డెబ్భై నాలుగు వేసవి. మా చెల్లెలు నాగేంద్రమ్మకి నెలలు నిండుతున్నాయి. ఆమె పెనిమిటి ఏడుకొండలుకి వేగమంటే పిచ్చి. బ్రేకు ముట్టకుండా గుట్ట దిగేవాడు. మలుపులో అతను ఒళ్ళు వంచే తీరు చూడముచ్చటగా ఉండేది, అబద్ధమెందుకు. రెడ్డిగూడెంలో సత్యనారాయణ వ్రతానికి ఇద్దరం బయల్దేరుతుంటే చెల్లెలు నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యా, ఆయన్ని క్షేమంగా ఇంటికి తీసుకురా. అంతే."

ఆ స్వామి మీద భారం వేసి, సరేనన్నాను.

తిరుగు దారిలో గుట్ట ఎక్కేసరికి పొద్దు గూకింది. చెట్లలో చీకటి ముందే చేరింది. గాలి లేదు. తోటల్లోని మామిడి సొన వాసన వెనకబడి, ఎండిన గడ్డి వాసన మొదలైంది. మా సైకిళ్ళకి డైనమో దీపాలు. చక్రం తిరిగితేనే వెలుగు, ఆగితే చీకటి.

"బావా, సైకిలు తొక్కుతున్నావా, గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నావా?" అన్నాడు ఏడుకొండలు.

"ప్రదక్షిణ చేసేవాడు పల్లంలో పడడు బావా. నా వెనక రా."

నవ్వి నన్ను దాటేశాడు.

దిగుడు మొదట్లోనే అతని వెలుగులో ఒక ఆడమనిషి కనిపించింది. తల మీద పెద్ద కట్టెల మోపు. మాకు వీపు చేసి, మెల్లగా దిగుతోంది. కట్టెలవాళ్ళు ఆపాటికి ఇళ్ళు చేరి పొయ్యి రాజేసుకుని ఉంటారు.

"దిగు బావా," అన్నాను.

దిగలేదు. బెల్లు కొట్టాడు. ఆమె ఉలిక్కిపడలేదు. పక్కకీ జరగలేదు.

"కాస్త చెయ్యేసి దించు నాయనా," అంది. అలసిపోయిన గొంతు.

"ఊరు దగ్గరేగా పెద్దమ్మా. అక్కడే దించుకో."

రాతి పక్కనుంచి సర్రున దూరిపోయాడు. భుజం మోపుకి తగిలింది. మోపు ఊగింది...

నేను గబాల్న సైకిలు దిగాను. దీపం ఆరిపోయింది. "ఆగమ్మా, నేను దించుతా," అంటూ చేతులు చాచి నడిచాను.

ఎవరూ లేరు.

పల్లంలోకి ఏదీ పడిన చప్పుడు లేదు. అప్పుడే నరికిన కట్టె వాసన మాత్రం ముక్కుకి కొట్టింది. పచ్చి వాసన.

కింద ఏడుకొండలు దీపం మలుపులు తిరుగుతోంది. వేగంగా... కొంచెం నెమ్మదిగా... బరువు లాగుతున్నవాడిలా... తర్వాత ఆరిపోయింది.

"బావా," అని పిలిచాను.

నా సైకిలు అక్కడే వదిలేసి నడుస్తూ దిగాను. ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. గుట్ట అడుగున నా కాలికి అతని సైకిలు తగిలింది. బాట మధ్యలో పడి ఉంది. దాని పక్కనే నిలబడి ఉన్నాడతను.

మెడ బిర్రబిగిసింది. మోకాళ్ళు వంగి ఉన్నాయి. ఒక చెయ్యి తల పైకెత్తి... దేన్నో పట్టుకుని ఉన్నాడు.

"బావా," అన్నాడు గుసగుసగా. "దించు."

"ఏముంది బావా అక్కడ?"

"దించు... మెడ విరుగుతోంది."

అతని తల మీద చీకటి తప్ప ఏమీ లేదు. రామా అనుకుని చేతులెత్తాను.

అరచేతులకి కట్టె గరుకు తగిలింది.

ఇద్దరం కలిసి దించాం. దబ్బున నేల మీద పడింది. వంగి తడిమాను. దుమ్ము. ఉత్త దుమ్ము.

అతన్ని పట్టుకుని ఇంటికి నడిపించాను. చెల్లెలు గుమ్మంలోనే ఉంది. అతన్ని చూసి ఏడ్చింది, నవ్వింది, నా కాళ్ళకి దండం పెట్టబోయింది. తల రుద్దుదామని ఆముదం తెచ్చి, జుట్టులో వేళ్ళు పెట్టి ఆగిపోయింది.

నడినెత్తిన జుట్టు గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఏళ్ళ తరబడి చుట్టకుదురు పెట్టి మోపులు మోసినవాళ్ళకి అరిగినట్టు. పొద్దున బయల్దేరేటప్పుడు ఒత్తుగా పాపిడి తీసుకున్న జుట్టది.

జ్వరంతో మంచం పట్టాడు. గడప దాటలేదు. అర్చకులచేత రక్షరేకు కట్టించాను. బిడ్డ పుట్టాడు, ఇల్లు సందడిగా ఉంది. ఇక గండం గడిచిందనుకున్నాను.

పురుడు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, చెల్లెలు నన్ను పెరట్లోకి పిలిచి దువ్వెన చూపించింది.

"రోజూ ఇంతే అన్నయ్యా. ఆయన తల దువ్వితే చాలు."

దువ్వెన పళ్ళ మధ్య చెట్టు బెరడు ముక్కలు. వేలితో ముట్టుకున్నాను.

జిగురు ఇంకా ఆరలేదు.