చచ్చిన కొండల కింద వెండి

సారయ్య పాత వానకోటును మడతపెడుతుంటే లోపలి అస్తరులో కస్తూరి వేలికి కాగితం తగిలింది. కుట్టు విప్పి లాగితే నాలుగు మడతల పటం. వియన్నా నుంచి పడమటికి రైలు దారి, ఒక సరస్సు, దాని పైన అడవి, అడవి దాటాక బోడికొండలు, వాటి నడుమ ఎర్రసిరా చుక్క. చుక్క పక్కన తెలుగులో మూడే మాటలు: 'ఉప్పుగని వాళ్ళ వెండి.'

"సారయ్య రాతే," అన్నాడు మొగిలి.

మొగిలి కొత్తగూడెం బొగ్గుగనుల్లో రక్షణ దళం మనిషి. కూలిన పైకప్పుల కింది నుంచి, విషవాయువు నిండిన సొరంగాల నుంచి ఎందరినో భుజాన మోసుకొచ్చినవాడు. అతని తండ్రి గనిలోనే పోయాడు. అందుకే తమ్ముడు సారయ్యను నేలమీద బతకమని పట్టుబట్టి చదివించాడు. సారయ్య వియన్నా వెళ్ళి రాళ్ళ చదువే చదివాడు. ఒకరోజు ఫోన్లో గుహ, నిధి అంటూ సంబరంగా ఏదో చెప్పబోయాడు.

"మళ్ళ భూమిలకు దిగుతనంటే నాకు ఫోన్ చెయ్యకు!" అని కసిరి పెట్టేశాడు మొగిలి.

అన్నదమ్ముల నడుమ అదే ఆఖరి మాట. నాలుగు నెలలకు సారయ్య కనబడకుండా పోయాడు. ఎటు వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు. ఏడాదిన్నర గాలించినా జాడ దొరకలేదు. తమ్ముడి సామాన్లు తీసుకుపోవడానికి వచ్చిన మొగిలికి, సారయ్యతో చదువుకున్న టెక్కలి అమ్మాయి కస్తూరి తోడుగా నిలిచింది.

పటం చూసిన పోలీసులు, కొండల్లో వానలు తగ్గాక మనుషుల్ని పంపుతామన్నారు. మొగిలి ఆగలేకపోయాడు.

మర్నాడు ఇద్దరూ రైలెక్కి సరస్సు ఒడ్డున దిగారు. ఆ ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా గుహలకు దారి చూపే గెర్లిండే అనే ఆమె దొరికింది. అరవై దాటినా మేకలా కొండెక్కే మనిషి. ఆమె జర్మన్‌లో చెబుతుంటే కస్తూరి తెలుగు చేసింది.

"మూడొందల ఏళ్ళ కిందట మతం మార్చుకోలేదని ఇక్కడి ఉప్పుగని కుటుంబాల్ని వెళ్ళగొట్టేశారట సార్. పోతూ పోతూ తమ చర్చి వెండిని గుహలో దాచారని ఈవిడ అమ్మమ్మ చెప్పేదట. లోపల నీటి చప్పుడు మారిందంటే మారుమాటాడకుండా వెనక్కి తిరగాలంటోంది. ఒప్పుకుంటేనే వస్తాదట."

"గనిలో పుట్టిపెరిగినోన్ని. నీటి సంగతి నాకెరికే. ఒప్పుకున్ననని చెప్పు."

తెల్లవారుతూనే బయలుదేరారు. రెండు గంటల పాటు ఎండపొడ సోకని అడవి. చెట్ల మొదళ్ళ నిండా నాచు, అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడే తడి ఆకు. ఆ పైన చెట్టూ చేమా అయిపోయి తెల్లని సున్నపురాయి మొదలైంది. కత్తుల్లాంటి అంచులు, ఎటు చూసినా నోళ్ళు తెరిచిన పగుళ్ళు. ఆ కొండల పేరుకు అర్థమే చచ్చిన కొండలట. ఎర్రచుక్క దగ్గర మనిషెత్తు బిలం, లోపలి నుంచి ఎముకలు కొరికే గాలి.

తాడు బిగించి ఒకరి వెనుక ఒకరు దిగారు. మంచు పేరిన గోడల మీద దీపాలు పడి నీలంగా మెరిశాయి. పొట్టమీద పాకవలసిన ఇరుకు దాటగానే గోడమీద సుద్దతో బాణం గుర్తు, దాని కింద 'సా' అనే అక్షరం కనిపించాయి. మొగిలి ఆ అక్షరం మీద అరచేయి ఆనించాడు. మరో బాణం, మరో 'సా'. బాణాలను పట్టుకుని ఇంచుమించు పరుగెత్తాడు.

"నిదానం సార్!" అని వెనుకనుంచి కస్తూరి అరిచింది.

సొరంగం ఒక గదిలోకి తెరుచుకుంది. ఎదురుగా రాతి అరుగుమీద ఇనుపకట్ల పెట్టె. పగిలిన మూతలోంచి వెండి గిన్నెలు, దీపపు సెమ్మెలు మెరుస్తున్నాయి. వాటికి మూడడుగుల ఇవతల, గోడకు ఆనుకుని, ఎర్రకోటులో సారయ్య.

నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చలి అతన్ని చెడనివ్వలేదు. కుడికాలు మోకాలిదాకా పెద్ద బండ కింద ఉంది. ఒడిలో చిన్న పుస్తకం. మొగిలి దీపం దగ్గరపెట్టి చివరి పేజీ చదివాడు. పెన్సిలు గీతలు వంకరపోయాయి.

'అన్నకు చెప్పి ఉంటే తాడు పట్టుకొని వచ్చేటోడు.'

మొగిలి పుస్తకాన్ని తన కోటు లోపల దోపుకున్నాడు. కస్తూరి వంగి సారయ్య చెంపలను రెండు చేతులా పట్టుకుంది.

అంతలో ఎక్కడో లోతున గుబగుబమని మొదలైన చప్పుడు హోరై దగ్గరికొచ్చింది. గెర్లిండే జర్మన్‌లో కేక వేసింది, కస్తూరి దాన్ని తెలుగులో అరిచింది.

"పైన వాన కురిసేసింది సార్! నీళ్ళొచ్చేస్తున్నాయి, పదండి!"

మొగిలి బండకు భుజం ఆనించాడు. నరాలు తేలేలా నెట్టాడు. బండ కదల్లేదు. గెర్లిండే సంచిలోని ఇనుపకడ్డీ దూర్చి ఎత్తబోతే కడ్డీ వంగింది. ఇన్నేళ్ళూ ఎండి ఉన్న ఆ గదిలో నీళ్ళు చీలమండలు దాటి మోకాళ్ళకు ఎక్కాయి. పెట్టె అరుగుమీంచి ఒరిగి, వెండి గిన్నెలు ఒక్కొక్కటే అతని కాళ్ళ పక్కనుంచి దొర్లిపోయాయి. ఎవరూ వాటివైపు చూడలేదు.

"మీరు పోండ్రి! వీన్ని ఇడిసి నేను రాను!"

"మీరు రాకపోతే నేనూ కదల్ను!" అంది కస్తూరి. ఆమె నడుందాకా నీళ్ళొచ్చేశాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి.

ముందు ఊపిరున్న వాళ్ళని బయటపడేయాలి, రక్షణ దళం నేర్పే మొదటి మాట అదే. ఎన్ని ప్రమాదాల్లో, ముందు తమవాళ్ళ శవాలు తెమ్మని అడ్డుపడిన ఎందరు తల్లుల్ని, ఎందరు భార్యల్ని పక్కకు నెట్టి ఆ మాట పాటించాడో మొగిలికే తెలుసు. తమ్ముడి నుదుటిమీద ఒకసారి నుదురు ఆనించి లేచాడు. కస్తూరిని ముందుకు తోశాడు.

ఇరుకులో నీరు గడ్డందాకా వచ్చింది. ముందు దాటిన గెర్లిండే అవతలినుంచి తాడు లాగింది. మంచుగోడమీద కస్తూరి కాలు జారితే మొగిలి భుజంతో ఆపి పైకి నెట్టాడు. ముగ్గురూ బిలం బయట బండలమీద వచ్చి పడేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. వెనుక గుహ ఒక్కసారి గర్జించి మూగబోయింది. గెర్లిండే దీపం వేసి చూసింది. కింది దారి మొత్తాన్ని రాళ్ళూ బురదా కప్పేశాయి.

"చలికాలం నీళ్ళు గడ్డకట్టాక ప్రయత్నిద్దామంటోంది. దొరుకుతాడని మాట మాత్రం ఇవ్వలేదట." కస్తూరి ఆగి అడిగింది, "వెండి సంగతి ఏం చేద్దాం సార్? చెబితే తవ్వడానికి చాలామంది వస్తారు కదా."

"వస్తరు. పోరగాళ్ళు ఇంట్ల చెప్పకుండ వస్తరు. ఒక్కొక్కనికి ఒక అన్న ఉంటడు." మొగిలి తల అడ్డంగా ఊపాడు. "వద్దు. తమ్ముడున్నడని చెప్పుదాం. వెండి మాట ఎత్తకుండ్రి."

గెర్లిండే అతని ముఖం చూసి, తర్జుమా చేయకముందే సరేనన్నట్టు తలూపింది.

కస్తూరి తడిసిన జుట్టు పిండుకుని అతని పక్కన కూర్చుంది.

"ఇంకోటుందండి. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకున్నాం. మీకు చెప్పడానికి భయపడ్డాడు. ఫోను పట్టుకునేవాడు, పెట్టేసేవాడు." అతనివైపు తిరిగింది. "బావగారూ..."

లోపల తమ్ముడి ముఖం చూసినప్పుడు కూడా ఏడవని మొగిలి ఆ పిలుపుకు వెక్కివెక్కి ఏడ్చాడు. వాన వెలిశాక లేచి, ఆమె సంచి తన భుజాన వేసుకున్నాడు.

"ఇంకా ఏమేం చెప్పలేదమ్మా నాకు?"

కస్తూరి చెప్పడం మొదలుపెట్టింది. సారయ్యకు వంట రాదని, మొదటి మంచు పడినరోజు చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడని, అన్న ఫోటోను చదువుకునే బల్లకెదురుగా పెట్టుకునేవాడని. కొండ దిగి, అడవి దాటి, సరస్సు ఒడ్డు చేరేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఒక్కచోట కూడా మాటకు అడ్డురాకుండా మొగిలి విన్నాడు.