చెయ్యి దించిన చోటు

ఆ ఉదయం కూడా తాతయ్య మనవరాలి యూనిఫారం దులుపుతూ, "ఏదీ, ఒకసారి చెప్పు వింటాను" అన్నాడు. పిచ్చుక (ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే) జడలు వేయించుకుంటూనే కుడిచెయ్యి చాచి, బడిలో రోజూ చెప్పే దేశప్రతిజ్ఞ అప్పజెప్పింది. ఈ వారం అందరి ముందూ నిలబడి ప్రతిజ్ఞ చెప్పించే వంతు ఆమెది.

తాతయ్య కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరయ్యాడు. బోనెక్కిన ప్రతి సాక్షి చేతా ప్రమాణం చేయించడం ఆయన పని. కొందరు గడగడా ప్రమాణం చేసి, ఆ వెంటనే అబద్ధమాడేవారు. అందుకే మనవరాలికి ప్రతిజ్ఞలోని ఒక్కో మాటా విప్పి చెప్పి, "నిలబెట్టుకునేదైతేనే చెయ్యి ఎత్తాలమ్మా. లేకపోతే ఊరుకోవడమే మర్యాద" అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది.

మధ్యాహ్నం కాకముందే బడి నుంచి కబురొచ్చింది. కొడుకు పని వదిలేసి వెళ్లి పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. చెప్పులైనా విడవకుండా అందుకున్నాడు.

"బడంతా చూస్తుండగా ప్రతిజ్ఞ మధ్యలో చెయ్యి దించేసిందట! దేశమంటే లెక్కలేదా అని హెడ్మాస్టరమ్మ నన్ను నిలదీసింది. రేపు సరిగ్గా చెప్పకపోతే వేరే బడి చూసుకోమంది. నా తల ఎక్కడ పెట్టుకోను?"

"కాస్త మెల్లగా అనండి. పిల్ల బిక్కచచ్చిపోయింది" అంది కోడలు.

"మెల్లగానా? అందరి పిల్లలూ చిలకల్లా చెప్పేసి పోతున్నారు. మన పిల్లకే అర్థాలు కావాల్సొచ్చాయి! కోర్టు మిమ్మల్ని వదిలినా, మీరు కోర్టును వదల్లేదు నాన్నా!"

తాతయ్య పిల్ల వంక చూశాడు. చెంపల మీద కన్నీటి చారలున్నాయి గానీ, జడలు మాత్రం చెదరలేదు; అవి పొద్దున వేసినవి కావు. ఏడ్చి చెదిరిన జుట్టును బడిలో ఎవరో ఓపిగ్గా మళ్లీ దువ్వి అల్లి పంపారు. ఆ తల్లి ఎవరోగానీ చల్లగా ఉండాలనుకున్నాడు.

"ఎక్కడ ఆగావు తల్లీ?"

"భారతీయులందరూ నా సహోదరులు... అన్నచోట."

"అందులో ఏముందే అంత కష్టం?" కసిరాడు తండ్రి.

"ముందు వరసలో బాబాయి వాళ్ల చెల్లి నిలబడింది నాన్నా. నా వంకే చూస్తోంది. పైవాళ్లు మనకేమీ కారు, మాట్లాడితే కాళ్లు విరగ్గొడతానని నువ్వేగా అన్నావు?" పిల్ల వెక్కిళ్లు దిగమింగుకుంది. "బాబాయి వాళ్లు ఈ దేశంలో లేరా?"

ఆ బాబాయి ఉండేది పై అంతస్తులోనే. పోయిన వేసవిలో ఎవరో మోటారు కట్టేయడం మరచిపోతే, పైన ట్యాంకు పొర్లి, కింద గది పైకప్పు నానిపోయింది. నువ్వంటే నువ్వని మొదలైన మాట, నీకు నాకు సంబంధం లేదనేదాకా పోయింది. అన్న లోపలి మెట్ల తలుపుకు బీరువా అడ్డం పెట్టాడు. తమ్ముడు అవతల గడియ బిగించాడు.

"అది వేరు, ఇది వేరు. రేపు నోరు మూసుకుని ప్రతిజ్ఞ చెప్పు!"

"నోరు మూసుకుంటే ఎలా చెప్పాలి నాన్నా?"

కోడలు నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

తాతయ్య మెల్లగా వంగి మనవరాలి భుజం పట్టుకున్నాడు. "చెప్పేయమ్మా. నిన్ను చిక్కుల్లో పడేశాను. రేపటికి చెప్పేయ్."

"అబద్ధమైనా?"

ఆయన తల దించుకున్నాడు. "అబద్ధమైనా."

కొడుకు తండ్రి వంక చూసి ఉలిక్కిపడ్డాడు. ఎంతటివాడు బోనులో నిలబడ్డా మాట మార్చని మనిషి, మనవరాలి ముందు అలా తల వంచడం అతను చూడలేకపోయాడు. నేరుగా వెళ్లి బీరువాకు భుజం ఆనించాడు. అది కదల్లేదు. కోడలు ఒక పక్క పట్టింది, తాతయ్య ఇంకో పక్క. బీరువా కీచుమంటూ జరిగింది. తలుపు మాత్రం రాలేదు.

కొడుకు తలుపు తట్టబోయి ఆగిపోయాడు.

"బాబాయ్!" అని పిచ్చుకే అరిచింది.

మెట్ల మీద అడుగులు. గడియ తీసిన శబ్దం. తలుపు జానెడు తెరుచుకుంది.

"అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, ముఖం పక్కకు తిప్పుకునే. "పైన నీళ్లు రావట్లేదు. మోటారు..."

"వేస్తాన్రా. ఇప్పుడే వేస్తా." అన్న తలుపు పూర్తిగా తెరిచాడు. "కట్టేయడం కూడా నేనే గుర్తుపెట్టుకుంటా."

తాతయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నో ప్రమాణాలు విన్నాడు. చెయ్యి ఎత్తకుండా చేసిన ప్రమాణం వినడం మాత్రం ఇదే మొదటిసారి.