కిటికీ బయట మల్లిక

మధ్యాహ్న భోజనం దగ్గర ఒక గుడ్డు మిగిలిపోయింది.

వంట చేసే ఈదమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. తర్వాత పిల్లల వైపు చూసింది.

"హాజరు పంతొమ్మిది అని చెప్పిండ్రు. పంతొమ్మిది గుడ్లు ఉడకబెట్టిన. ఇగో, ఒకటి మిగిలె. ఎవలు తినలే?"

వరండా చివర కూర్చున్న నిహారిక తల వంచుకుని, ఎప్పుడో కలిపేసిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతోంది. ఆ గుడ్డు ఎవరిదో ఆమెకు తెలుసు.

అది మల్లికది. మల్లిక ఆ రోజు బడికి రాలేదు. కానీ రిజిస్టరులో మాత్రం వచ్చింది.

అచ్చంపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది ఆ ఊరు. బడి ఊరి చివర. మూడు రోజులుగా ముసురు పట్టింది. ఎడతెగని తుంపర. కరెంటు కూడా లేదు. పొద్దున క్లాసులో ఎంత చీకటిగా ఉందంటే, వెనక వరస పిల్లలు నీడల్లా కనిపించారు.

మెర్సీ టీచర్‌కు అది మొదటి రోజు. ఆమె ఇంకా టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. నలభై రోజులు ఈ బడిలో పాఠాలు చెప్పి, పని నేర్చుకోవాలి. కల్వకుర్తి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలంతా ఒకే గదిలో తననే చూస్తుంటే ఆమెకు తల ఎత్తాలంటే బెరుకేసింది. రిజిస్టరును మొహానికి దగ్గరగా పట్టుకుంది. అందులోకే చూస్తూ పేర్లు పిలిచింది.

"మల్లిక."

ఎవరూ పలకలేదు.

"మల్లిక?"

నిహారికకు ఎవరి గొంతైనా ఇట్టే వస్తుంది. హెడ్మాస్టరు రాంచందర్ సార్ దగ్గు, ఈదమ్మ కేక, బస్సు కండక్టరు 'రైట్ రైట్', అన్నీ అచ్చం దింపేస్తుంది. అందరూ పడీ పడీ నవ్వుతారు. ఆమె ముందున్న నరసింహ వీపు వెనక ఒదిగి, గొంతు సన్నగా చేసి, చివర్లో కొంచెం విరిచి అంది.

"ప్రజెంట్ టీచర్."

అది మల్లిక గొంతే. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. టీచర్ తల ఎత్తకుండానే టిక్కు పెట్టింది.

సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఏదో కదిలినట్టు అనిపించింది నిహారికకు. గభాలున తిరిగి చూసింది. వాన తప్ప ఏమీ లేదు. అయినా వీపు మీద ఎవరో చల్లటి వేలు పెట్టినట్టయింది.

ఇప్పుడు ఆ మిగిలిన గుడ్డును చూస్తుంటే మళ్లీ అలాగే అయింది.

ఇంతలో గేటు చప్పుడైంది. తలమీద గొంగడి కప్పుకుని ఒక ముసలమ్మ వచ్చింది. సాలమ్మ. మల్లిక వాళ్ల అవ్వ.

"మా మల్లిక ఏది టీచరమ్మా? పొల్ల తువ్వాలన్న తెచ్చుకోలే. తడుస్తదని ఇంకో గొంగడి తెచ్చిన."

మెర్సీ టీచర్ నవ్వుతూ లేచింది. "ఈడనే ఉంటది అవ్వా. పొద్దున హాజరు పలికింది గద. మల్లికా!"

ఎవరూ లేవలేదు. టీచర్ ఒక్కొక్కరి మొహం చూసింది. ఆమె నవ్వు మెల్లగా మాయమైంది.

"మల్లిక ఎవరు? చెయ్యెత్తండి."

పద్దెనిమిది మంది. ఒక్క చెయ్యీ లేవలేదు.

అవ్వ చేతిలోని గొంగడి జారి కింద పడింది. "పొద్దుగాల బడికే పంపిన. నా కండ్ల ముందరనే వచ్చింది. మరి పొల్ల ఏడవాయె?"

రాంచందర్ సార్ ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చాడు. రిజిస్టరు తెరిచి చూశాడు.

"మెర్సీ, పిల్లను కండ్లతోని చూసినవా?"

"లేదు సార్." టీచర్ ఆ టిక్కు మీద వేలు పెట్టింది. "రిజిస్టరే చూసిన. తల ఎత్తలే. తప్పు నాదే."

"పొద్దుగాల్నే తెలిస్తే అప్పుడే దేవులాడుదుము గద! పొల్ల పోయి మూడు గంటలాయె! గీ ముసుర్ల పొల్ల ఏడున్నదో!" సార్ ఇంకేం వినలేదు. "నేను పొలాల దిక్కు పోత. బావులు చూడాలె." అంటూ గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

బావులు అన్న మాట వినగానే నిహారిక చేతిలోంచి పళ్లెం జారింది.

మెర్సీ టీచర్ కళ్లు తుడుచుకుంటోంది. ఆమెను కాలేజీకి తిప్పి పంపేస్తారా? మల్లిక బావిలో... నిహారిక అంతకన్నా ఆలోచించలేకపోయింది. టీచర్ దగ్గరికి వెళ్లింది.

"టీచర్, మల్లిక పలకలే. నేను పలికిన. మల్లిక గొంతుతోని."

టీచర్ ఆమె వైపు చూసింది. తిడుతుందనుకుంది నిహారిక. తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఇంకేమన్న తెలుసా? తెలిస్తే గది కూడ చెప్పు. జల్ది."

"కిటికీ బయట... ఏదో కదిలినట్లయింది. నేను పలకంగనే."

ఇద్దరూ బడి వెనక్కి పరుగెత్తారు. అవ్వ వాళ్ల వెనకే వచ్చింది. చూరు కిందకు వాన అంతగా పడదు. అక్కడి మెత్తటి మట్టిలో చిన్న చిన్న అడుగులు ఉన్నాయి. చెప్పులు లేని కాళ్లవి. అవి కిటికీ దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. ఆ తర్వాత వెనక్కి తిరిగి, దూరం దూరంగా, గుట్ట వైపు పోయాయి.

"ఉరికింది." టీచర్ మెల్లగా అంది. "లోపలికి రాబోయి, ఏదో విని ఉరికింది."

అవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నేనే చెప్పిన! ముసుర్ల గుట్ట పిలుస్తది, ఎరుకైనోళ్ల లెక్క గొంతు తీస్తది, పలకొద్దని! తొవ్వ విడువకుండ సక్కగ బడికి పోతదని భయపెట్టిన. పొల్ల గదే నమ్మింది. గుట్ట మీది గొంతు బడిలకే వచ్చిందనుకొని ఇటు ఉరికినట్టున్నది."

ముగ్గురూ ఆ వైపే గుట్ట దాకా పరుగెత్తారు. గుట్ట నిండా ఏనుగులంతేసి రాతి గుండ్లు. వాటి మధ్య సన్నటి సందులు. మబ్బు కిందికి దిగి గుండ్లను సగం కప్పేసింది. పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు.

"మల్లికా!" నిహారిక గట్టిగా పిలిచింది.

"...ల్లికా ...ల్లికా..."

ఆ పిలుపు గుండ్ల లోపలి నుంచి తిరిగి వచ్చింది. అది తన గొంతే. కానీ తన నోట్లోంచి రావడం లేదు. మబ్బులో ఇంకో నిహారిక నిలబడి పిలుస్తున్నట్టుంది. పొద్దున కిటికీ పక్కన నిలబడి మల్లిక ఏం విన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. తను బయట ఉండగానే, లోపల నుంచి తన గొంతు.

అవ్వ పిలిచింది. టీచర్ పిలిచింది. గుట్ట వాళ్ల గొంతులు కూడా తీసింది. మల్లిక పలకలేదు.

నిహారిక ఈసారి పేరు పిలవలేదు.

"పొద్దుగాల నీ లెక్క పలికింది నేనే! నవ్వుతరని పలికిన. బడిల దయ్యం లేదు, ఏం లేదు. నేనే తప్పు చేసిన!"

మాటలు గుండ్లలో తిరిగి తిరిగి ఆగిపోయాయి. చాలాసేపు ఆకుల మీద చినుకుల చప్పుడే వినిపించింది. తర్వాత, ఏ సందులోంచో తెలియకుండా, సన్నటి గొంతు వచ్చింది.

"నువ్వు నిహారికవే అని ఎట్ల నమ్మాలె?"

నిహారిక నోరు తెరిచింది. ఏం చెప్పినా అది గొంతే కదా. గొంతును మల్లిక ఇక నమ్మదు.

"నేను ఈడ బయట నిలవడ్త," అంది చివరికి. "నువ్వే చూసుకో. ఎంతసేపన్న సరే."

గుండ్ల మధ్య బయలు చోటుకు వెళ్లి నిలబడింది. అవ్వ ముందుకు ఉరకబోతే టీచర్ చెయ్యి పట్టుకుని ఆపింది. "జర ఆగు అవ్వా. పిల్లను రానియ్యి."

వాన నిహారిక జుట్టులోంచి మొహం మీదికి కారుతోంది. పళ్లు టకటకలాడుతున్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు.

మబ్బులో ఒక నీడ కదిలింది. మోకాళ్ల నిండా బురదతో మల్లిక బయటికి వచ్చింది. దగ్గరికి వచ్చి, ఒక వేలితో నిహారిక చెంప తాకి చూసింది. వెచ్చగా ఉంది.

"బడిల ఎవరు లేరు గద?" అని అడిగింది. "నా జాగల?"

"లేరు. నీ జాగ ఖాళీగనే ఉన్నది."

అప్పుడు మల్లిక ఏడ్చింది. అవ్వ వచ్చి ఆమెను గొంగడిలో చుట్టేసింది.

కబురు అందుకుని రాంచందర్ సార్ నిలువెల్లా తడిసి తిరిగి వచ్చాడు. నిహారికను చూసి, "రేపు మీ బాపును తోలుకరా" అని మాత్రం అన్నాడు. నిహారిక తల ఊపింది.

బడి వదిలే ముందు మెర్సీ టీచర్ మళ్లీ హాజరు తీసుకుంది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. వరసల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి మొహం చూస్తూ పేరు పిలిచింది.

"మల్లిక."

మల్లిక నోరు తెరిచింది. మాట రాలేదు. భయంగా కిటికీ వైపు చూసింది. తను పలికితే బయట నుంచి ఇంకెవరైనా పలుకుతారేమో అన్నట్టు.

చూరు నీళ్లు పడుతున్నాయి. నరసింహ వెనక్కి తిరిగి గుసగుసగా అన్నాడు. "నిహారికా, పాపం నువ్వే అనరాదు?"

నిహారిక పెదాలు గట్టిగా బిగించుకుని తల అడ్డంగా ఊపింది. లేచి వెళ్లి కిటికీకి అడ్డంగా, మల్లికకు ఎదురుగా నిలబడింది. టీచర్ కూడా ఆగింది. అందరూ ఆగారు.

చాలాసేపటికి, సన్నగా, చివర్లో కొంచెం విరుగుతూ, ఒకే ఒక్క గొంతు వినిపించింది.

"ప్రజెంట్ టీచర్."